మేడగది వేడి

కోనసీమలో మేముండే ఇల్లు రెండంతస్తుల శ్లాబు ఇల్లు. కింద ఒక గదిలో మేము పడుకుంటాం, రెండోది ప్రార్థన కూడికలకు. అందుచేత మా అమ్మను మేడగదిలో ఉంచాను. వేడిగా ఉందని ఆమె ఒక్కనాడూ అనలేదు. గత మే నెలలో ఒక రాత్రి మాత్రలిద్దామని వెళ్తే, మంచం వదిలేసి మెట్ల మలుపులో గచ్చు మీద పడుకొని ఉంది. ఎన్నాళ్ళనుంచని అడిగాను. “ఈస్టరు వెళ్ళిందగ్గర్నుంచి లేరా” అంది.

2015 మే వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడే తుప్పుపట్టిన పాత కూలరు తీసేసి కొత్తది కొన్నాను. డబ్బు దండగ! గడ్డిలోని నీరు ఆవిరైతేనే కూలరు గాలి చల్లబడుతుంది. సముద్రం పక్కనున్న మన డెల్టా గాలిలో తేమ ముందే ఉంటుంది. కిటికీలు మూసి ఆడిస్తే ఉక్కపోత ఇంకా పెరిగింది.

మా సంఘంలోని తాపీమేస్త్రి చూసి నవ్వాడు. “అయ్యగారూ, పొయ్యి నెత్తిమీద పెట్టుకుని విసనకర్ర మారిస్తే ఏం లాభమండీ?” శ్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రంతా గదిలోకి వదులుతుందట. కింది గదులకు ఆ ఎండ తగలదు, మేడగదే గొడుగు. అంటే నేను చల్లగా పడుకోవడానికి మా అమ్మ గొడుగు పట్టిందన్నమాట.

సున్నం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త జిగురు కలిపి, కడిగి ఆరబెట్టిన డాబాపై మూడు పూతలు వేశాం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. దొంగల భయంతో ఎప్పుడూ మూసి ఉంచే మెట్లపై తలుపుకు ఇనుప గ్రిల్లు పెట్టించాను. రాత్రి ఆ తలుపూ, కింది కిటికీలూ తెరిస్తే వేడిగాలి పైనుంచి పోయి, కింది గాలి మెట్లవెంట ఎక్కుతుంది.

పూత ఆరాక మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా డాబాపై నిలబడగలిగాను. పైకీ కిందికీ తేడా పూర్తిగా పోలేదు గాని బాగా తగ్గింది.

కూడికలు పైన పెడదాం, నువ్వు కిందికి వచ్చెయ్యమన్నాను అమ్మతో. “పెద్దవాళ్ళు మెట్లెక్కలేరురా” అంది, డెబ్భై దాటిన మనిషి!

ఇప్పుడామె మంచం మా గదిలో ఉంది, పైన నేను పడుకుంటున్నాను. వానలకు పిట్టగోడ వారగా సున్నం కొట్టుకుపోయింది. ఫిబ్రవరిలో మళ్ళీ వేయాలి.