పలెంకేలో పకాల్ సమాధి

మెక్సికోలోని చియాపాస్ అడవుల నడుమ, పలెంకే శిథిలాలలో శాసనాల ఆలయం ముందు నిలిచాము. మెట్లెక్కనివ్వరు, కింది నుంచే చూశాము. మాయా రాజు పకాల్ పన్నెండేళ్ల ప్రాయంలో, క్రీ.శ. 615లో గద్దెనెక్కి, 683లో మరణించేదాకా పాలించాడని ఇక్కడి శాసనాలు చెబుతున్నాయి. పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ ఆలయపు నేలలోని రాతిపలకను ఎత్తించగా, రాళ్లూ మట్టితో పూడ్చిన మెట్లదారి కనిపించింది. దానిని ఖాళీ చేయడానికే ఏళ్లు పట్టింది. 1952లో సమాధి బయల్పడింది. మృతుని ముఖంపై పచ్చరాతి తొడుగు.

అసలు చిక్కు ఆ తర్వాతే. ఎముకలను తొలుత పరీక్షించినవారు, యాభైకి మించిన వయసు కాదన్నారు. శాసనాల లెక్క ఎనభై! రాజులు తమ గొప్పను పెంచి చెక్కించుకోవడం లోకానికి కొత్త కాదు గనుక, అనుమానమంతా రాతి మీదే పడింది. దశాబ్దాల తర్వాత ఆ ఎముకలనే తిరిగి పరీక్షించినవారు అవి వృద్ధునివేనని తేల్చారు.