చీకటి పడేలోపు ఎక్కడుంటాం

కాట్రేనికోన నుంచి ఎక్కడికి బయల్దేరినా ముందు గోదావరి దాటాలి. కాకినాడ వైపైతే ఎదుర్లంక–యానాం వంతెన, రాజమండ్రి వైపైతే రావులపాలెం దగ్గర జొన్నాడ వంతెన, తణుకు వైపైతే సిద్ధాంతం, నరసాపురం వైపైతే దిండి–చించినాడ. సఖినేటిపల్లి రేవులో ఇప్పటికీ పంటే దిక్కు. ఇక వెనక్కి తిరిగితే రోడ్డే లేదు. పల్లం, చిర్రయానాం దాటాక సముద్రం. ఇలాంటి ఊళ్ళో పుట్టి డ్రైవరీ నేర్చుకున్నవాడికి ఎన్ని కిలోమీటర్లన్నది తర్వాతి మాట. ఎక్కడ ఆగిపోతాం, ఎవరు ఆపేస్తారు, చీకటి పడేలోపు ఏ ఊళ్ళో ఉంటాం అన్నవే ముందు బుర్రలోకి వస్తాయి.

నాది టెంపో ట్రావెలర్. పెళ్ళిళ్ళ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళకి కిరాయి తోలతాను. మిగతా రోజుల్లో యాత్రలు. పున్నమి వస్తే మావైపు నుంచి అరుణాచలం గిరి ప్రదక్షిణకి బళ్ళు కదులుతూనే ఉంటాయి. దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. విజయవాడ జోలికి పోకుండా 216వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నరసాపురం, మచిలీపట్నం, పులిగడ్డ–పెనుమూడి వంతెన, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా తీరం వెంబడే దిగిపోవచ్చు. ఆలోచన కావాల్సింది కాశీకి. అందులోనూ మూడు తరాలవాళ్ళు ఒకే బండెక్కి, పెద్ద హైవే వద్దు, ఊళ్ళు చూసుకుంటూ పోదాం అన్నప్పుడు.

బేరానికి వెళ్తే ముందు ఆ ఇంటి కుర్రాడి ఫోను బయటికొస్తుంది. "ముప్ఫై గంటలే చూపిస్తోందండి. ఇద్దరు డ్రైవర్లని పెట్టుకుంటే రెండోరోజు రాత్రికి గంగలో మునగొచ్చు కదండీ?" అంటాడు. "ఆయ్, మునగొచ్చండి. ఆ ముప్ఫై గంటల్లో మామ్మగారు ఎన్నిసార్లు దిగాలో అందులో చూపించిందాండి?" అంటాను. లోపల్నుంచి మామ్మగారి నవ్వు వినపడుతుంది. బేరం సగం అక్కడే కుదిరిపోతుంది.

కాశీకి మాకు రెండు దారులు. ఒకటి నాగపూర్ మీదుగా పోయే 44వ నంబరు రహదారి. వరసలు వరసలుగా లారీలు, టోల్‌గేట్లు, ఊళ్ళ బయట్నుంచే తోలేసే బైపాసులు. రెండోది 30వ నంబరు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో మొదలై భద్రాచలం, కుంట, జగదల్‌పూర్, రాయపూర్, జబల్‌పూర్, రీవా, ప్రయాగ మీదుగా ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దాకా పోతుంది. పేరుకి జాతీయ రహదారే కానీ చాలాచోట్ల అడవిలోంచి, సంతల మధ్యనుంచి, ఇళ్ళ గుమ్మాల ముందునుంచి వెళ్తుంది. మాకు కాశీ దాకా పదిహేను, పదహారు వందల కిలోమీటర్లు పడుతుంది. పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న బండికి నేను ఈ దారే చెబుతాను. చూడ్డానికి బాగుంటుందని కాదు. పెద్ద రోడ్డు మీద ఆగాలంటే చోటు వెతుక్కోవాలి, ఇక్కడ చింతచెట్టు కనపడితే ఆగొచ్చు. అయితే ఒక్క షరతు. పొద్దుండగానే తోలాలి, రాత్రి పడుకోవాలి. అందుకు ఒప్పుకోనివాళ్ళకి పెద్ద హైవేయే నయం. వాళ్ళ కిరాయి నేను ఒప్పుకోను.

డ్రైవరు రోజుకి ఎంతసేపు తోలాలన్నది నా ఇష్టమో, బండెక్కినవాళ్ళ ఇష్టమో కాదు. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. 5 గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం ఇవ్వమంది. యాత్ర బళ్ళలో ఆ లెక్క పాటించడం నేను పెద్దగా చూడలేదు. నా పథకం మాత్రం దాన్నిబట్టే వేస్తాను. అడవి రోడ్డు మీద 8 గంటలంటే సుమారు 300 కిలోమీటర్లు. అంతకుమించి రాసిచ్చే డ్రైవరు మిమ్మల్ని సంతోషపెట్టడానికి రాశాడనుకోండి.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న ఇంటివాళ్ళనీ పరివారాన్నీ వెంటబెట్టుకుని, పల్లకీ బోయీలతో సహా వందమంది దాకా కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో రాసిన సంగతులే 'కాశీయాత్ర చరిత్ర'. లైబ్రరీలో దొరికితే చూడండి. ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటెక్కడ, తర్వాతి మజిలీ ఎంత దూరం, ఏ ఏరు దాటాలి, అన్నీ రాసుకున్నారు. ఆయన కూడా జబల్‌పూర్ మీదుగానే ప్రయాగ చేరారు. నా డైరీలో రాసుకునేవీ అవే. బోయీల బదులు డీజిలు.

ముందు తేలాల్సింది ఎప్పుడు వెళ్ళాలన్నది. కార్తీకంలో వెళ్దామంటారు చాలామంది. మా ఇంట్లో ఆ మాటే ఎత్తనివ్వరు. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్ళకి ఆ నెలలో ఇల్లు వదిలి దూరం పోవాలంటే మనసొప్పదు. సంక్రాంతికి ఎవరూ కదలరు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకుని కోనసీమవాడు ఎక్కడికి పోతాడు? జనవరి చివరిదాకా ఉత్తరాదిన పొగమంచు, పొద్దున తొమ్మిదైనా ముందున్న బండి కనపడదు. మార్చిలో పిల్లలకి పరీక్షలు. శివరాత్రికి కాశీలో నిలబడ్డానికి చోటుండదు. ఇవన్నీ కొట్టేస్తే ఫిబ్రవరిలో రెండు మూడు వారాలు మిగులుతాయి. అదీ ఒక్కోసారి మిగలదు. 2025 కుంభమేళా ఫిబ్రవరి 26 దాకా సాగింది. ఆ నెల 9, 10 తేదీల్లో ప్రయాగ వైపు పోయే బళ్ళని మధ్యప్రదేశ్‌లోనే పోలీసులు ఆపేశారు. జబల్‌పూర్, కట్నీ, రీవా దారిలో జనం గంటలతరబడి రోడ్డు మీదే ఉండిపోయారు. ఆ నెలకి అడిగినవాళ్ళకి ముందే కుదరదని చెప్పేశాను. కొందరికి కోపమొచ్చింది.

వర్షాకాలం సంగతి వేరే చెప్పాలి. వరదల్లో మాకు ధవళేశ్వరం లెక్క నోటికొస్తుంది: 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. భద్రాచలంలో అడుగుల్లో చెబుతారు: 43, 48, 53. ఈ అంకెలు లంకల్లో గేదెల్ని ఎప్పుడు గట్టెక్కించాలో చెప్పడానికే అనుకుంటారు. కాశీ దారి తెరిచి ఉందో లేదో చెప్పేవీ అవే. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి వెనక్కి తన్ని, చింతూరు మండలం చట్టి దగ్గర 30వ నంబరు రోడ్డు మీదికే నీళ్ళొస్తాయి. అప్పుడు ఛత్తీస్‌గఢ్ వైపు రాకపోకలు ఆగిపోతాయి. భద్రాచలంలో 43 దాటేలా ఉందంటే నేను కుంట మాట ఎత్తను.

ఇక మజిలీలు. మొదటిరోజు భద్రాచలం. మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు పోతే దగ్గరే, కానీ మొదటిరోజు ఘాట్ పెట్టను. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోరు. పులిహోర కలపడం, సంచులు కట్టడం, పక్కింటివాళ్ళకి తాళాలివ్వడం. ఆ నిద్రలేని కడుపులతో మలుపులెక్కితే బండంతా వాంతులే. అందుకే జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా తీసుకెళ్తాను. జొన్నాడ దగ్గర ఒకసారి, కొవ్వూరు దగ్గర ఒకసారి, భద్రాచలం దగ్గర ఒకసారి, ఒక్కరోజులోనే మూడుసార్లు గోదావరి దాటతాం. మారేడుమిల్లి తిరుగు ప్రయాణానికి దాచుకుంటాను. బొంగు చికెన్ అడిగే కుర్రాళ్ళు ఎలాగూ ఉంటారు, కాశీకి పోతూ అది కుదరదు కదా.

రెండోరోజు జగదల్‌పూర్. 2013 మే 25న దర్భా లోయలో కాంగ్రెస్ నాయకుల వాహనాల మీద మావోయిస్టులు దాడి చేసింది ఈ దారిలోనే. ఆ తర్వాత చాన్నాళ్ళు నేనటు తలపెట్టలేదు. ఇప్పుడు వెళ్తున్నాను, పగలు మాత్రమే. కుంట దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఊళ్ళ పేర్లు వరసగా కాగితం మీద రాసి అద్దం దగ్గర పెట్టుకుంటాను. అనుమానమొస్తే కిలోమీటరు రాయి చూస్తాను. రాయి నెత్తి పసుపుగా ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజైతే పల్లె రోడ్డు. పిల్లలకి ఈ మాట చెప్పి రాళ్ళ రంగులు అరవమంటే రెండు గంటలు ఫోన్లు అడగరు.

జగదల్‌పూర్‌లో ఒకరోజు ఆగమని గట్టిగా చెబుతాను. దగ్గర్లోనే ఇంద్రావతి నది మీద చిత్రకోట్ జలపాతం ఉంది. "మామ్మగారూ, ఈ నీళ్ళు గోదావరిలో కలిసి, మన కుండలేశ్వరం ముందునుంచే సముద్రంలోకి పోతాయండి" అంటే, అప్పటిదాకా కిటికీ తలుపు వేసుక్కూర్చున్న మనిషి దిగొచ్చి దణ్ణం పెడతారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఎంత దూరమని అడగరు.

మర్నాడు కొండగావ్ దాటాక కేశ్‌కాల్ ఘాట్. అక్కడ తేలిన్ మాత గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టని డ్రైవరుండడు. మావాళ్ళు కొబ్బరికాయ కొడతారు. కోనసీమ బండి కదా, సీట్ల కింద బస్తాడు కాయలుంటాయి. ఘాట్‌లో ఎవరెక్కడ కూర్చోవాలో నేనే చెబుతాను. కడుపు తిప్పేవాళ్ళు ముందు, కుర్రాళ్ళు వెనక చక్రాల మీద. షుగరున్నవాళ్ళ తిండి వేళలు ముందే రాసుకుంటాను. ఆడవాళ్ళకి బాత్రూము విషయం ఎవరూ పైకి అడగరు, అందుకని అడగకుండానే పెట్రోలు బంకుల దగ్గర ఆపుతాను. బంకుల్లో బాత్రూము, తాగునీళ్ళు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. తాళమేసి ఉంటే తీయమని అడగండి, మొహమాటపడకండి. కొత్త డీజిలు బళ్ళు కొన్నిటికి యాడ్‌బ్లూ పోయాలి. అడవి దారిలో ప్రతి బంకులోనూ దొరకదు కాబట్టి ఒక డబ్బా ఇంటినుంచే పెట్టుకుంటాను.

రాయపూర్, అక్కణ్ణుంచి కవర్ధా, చిల్పీ ఘాట్, మండ్లా మీదుగా జబల్‌పూర్. ఇక్కడ చెప్పుకునేదేం లేదు, రోడ్డు పోతూ ఉంటుంది, మనుషులు నిద్రపోతూ ఉంటారు. జబల్‌పూర్‌లో నర్మద స్నానం. తర్వాత మైహర్‌లో కొండమీద శారదా దేవి. వెయ్యికి పైగా మెట్లు, కానీ రోప్‌వే ఉంది. రీవా దాటితే ప్రయాగ, ఆపైన కాశీ.

కాశీలో తొమ్మిది నిద్రలు చెయ్యాలంటారు మనవాళ్ళు. బేరంలో గొడవొచ్చేది ఇక్కడే. బండి కదలకుండా ఉన్న రోజులకి డబ్బెందుకు అంటారు. ఆ రోజుల్లో నేనింకో కిరాయికి పోలేను కదండీ. అందుకే కిలోమీటరు రేటు, ఆగిన రోజు రేటు, రోజు బత్తా, టోల్, పార్కింగు ఎవరివి, ఇవన్నీ బయల్దేరకముందే కాగితం మీద పెట్టిస్తాను. ఆలిండియా టూరిస్టు పర్మిట్ 2021 నుంచి ఆన్‌లైన్లో ఒకేచోట ఫీజు కట్టి తీసుకునే వీలొచ్చింది. రాష్ట్రం దాటినప్పుడల్లా చెక్‌పోస్టులో పన్ను కట్టే బాధ తగ్గింది. తక్కువకొస్తుందని తెల్ల బోర్డు కార్లు కిరాయికి మాట్లాడుకుంటారు కొందరు. అది చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు ముందు అడిగేది కిరాయికి తీసుకెళ్ళారా అనే.

అన్నీ రాసుకున్నాక ఒక్కటి మాత్రం అందరూ మర్చిపోతారు. ఇంతమందికి ఇన్ని రూములు అని లెక్కేస్తారు, ఆ లెక్కలో డ్రైవరుండడు. ఒకచోట యాత్రికులందరికీ ఏసీ గదులిచ్చి, నన్ను బండిలోనే పడుకోమన్నారు. సీటు వెనక్కి వాల్చి, దోమల్ని కొట్టుకుంటూ తెల్లవార్చి, మర్నాడు పొద్దున్నే ఘాట్ ఎక్కాను. వెనక పదిమంది నిద్రపోతున్నారు. మీరు ఎవరి బండి మాట్లాడుకున్నా, ఏ దారిన పోయినా, లాడ్జికి ఫోన్ చేసినప్పుడు డ్రైవరు పడుకోవడానికి మంచం, పొద్దున స్నానానికి నీళ్ళు ఉన్నాయా అని అడగండి. లేవంటే ఇంకో లాడ్జి చూసుకోండి.