యాది పరీక్షకు ఇరవై నిమిషాలు

నల్లగొండ జిల్లాలో ఒక సర్కారు దవాఖానకు పోయి వృద్ధుల ఓపీ చూసి రాయమని మా సంపాదకుడు పంపారు. కొత్త వార్డులు, మందుల కౌంటరు అన్నీ చూపించారు. నేను మాత్రం వరండా చివర మతిమరుపు పరీక్ష చేసే చిన్న గదిలో మధ్యాహ్నం దాకా ఉండిపోయాను. అక్కడి సైకాలజిస్టు అడిగే తీరు నన్ను కదలనివ్వలేదు.

దేవరకొండ వైపు తండా నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. కూర్చోకముందే కోడలు చెప్పేసింది: "పొయ్యి మీద గిన్నె పెట్టి మరుస్తది మేడం. పైసలు యాడ పెట్టిందో యాదికి రాదు. మా ఊరి డాక్టరు వయసు మీద పడ్డది, గట్లనే ఉంటదన్నడు."

ఈ 'గట్లనే ఉంటది' అన్న మాట మీద నాకు పట్టరాని కోపం. షుగరుకు, బీపీకి ఎవరూ ఆ మాట అనరు.

సైకాలజిస్టు కాగితాలు పక్కన పెట్టింది. ముసలమ్మ చెవుల దగ్గర మెల్లగా మాట్లాడి వినబడుతోందో లేదో చూసింది. కోడలి సంచిలో ఉన్న కళ్లద్దాలు తీయించి పెట్టించింది. అప్పుడు "యాడీ" అని పిలిచింది. లంబాడీలో అమ్మను పిలిచినట్టు. ముసలమ్మ తలెత్తింది.

తారీఖు చెప్పలేదు. తీజ్ పండుగ అయిపోయిందా అంటే, అయిపోయింది, ఇగ దసరా అంది. జంతువుల పేర్లు చెప్పమంటే సగం తెలుగులో, సగం లంబాడీలో చెప్పింది. సైకాలజిస్టు రెండు భాషల పేర్లూ లెక్కలో వేసుకుంది. చివరికి, మొదట్లో చెప్పి గుర్తు పెట్టుకొమ్మన్న మూడు మాటలు అడిగింది. ఒక్కటే వచ్చింది. గుర్తులు చెప్పినా మిగతావి రాలేదు. కాగితం మీద సైకాలజిస్టు పెన్నుతో గట్టిగా గీత గీసింది అక్కడే.

ఇలాంటి పరీక్షల్లో మామూలుగా గీయించే గడియారం బొమ్మ మాత్రం గీయించలేదు. పలక పట్టని చేతితో గడియారం గీయిస్తే బడికి పోలేదని తెలుస్తుంది, అంతే. 2011 జనగణన నాటికి పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55 శాతం, నల్లగొండలో 64. ముసలి ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలా? 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల పరీక్షలో వంద నుంచి ఏడేడు తీసేస్తూ పోవాలి, ఒక వాక్యం రాయాలి. దాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు పెడితే తండాలో సగం మంది రోగులవుతారు. హర్యానాలోని బల్లబ్‌గఢ్ పల్లెల కోసం మేరీ గంగూలీ బృందం 1990లలోనే దాన్ని మార్చింది: రాయనక్కర్లేదు, మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి చాలు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్స్ అనే మరో మతిమరుపు పరీక్షను తెలుగుకు తగ్గట్టు మలిచింది. 2013లో ఆ బృందమే 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని ప్రకటించింది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది. ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు, పనికి పోయిన బొంబాయిలో హిందీ మాట్లాడిన ఈ ముసలమ్మ లాంటివాళ్లకు ఆ ఫలితం ఎంత దగ్గరిదో!

సైకాలజిస్టు ఇంకో ప్రశ్న కూడా వేసింది: "కల్లు తాగుతవా? దినానికి ఎన్ని సీసలు?" మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఇది అడగని పరీక్ష పరీక్షే కాదు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం యాదిని మసకబారుస్తుంది, ఒక్కసారిగా మానేస్తే మనిషి పిచ్చిగా మాట్లాడతాడు, ఫిట్స్ కూడా వస్తాయి. అడగకపోతే దాన్నీ ముసలితనం ఖాతాలోనే రాసేస్తారు. ముసలమ్మ కల్లు ముట్టదట. సైకాలజిస్టు బీ12, థైరాయిడ్ పరీక్షలు రాసి డాక్టరు దగ్గరికి పంపింది. వాటి లోపం వల్ల వచ్చిన మరుపు మందులతో తగ్గొచ్చు. దిగులు వల్ల వచ్చిందీ అంతే. గీత గీసినంత మాత్రాన డిమెన్షియా అని తేల్చినట్టు కాదని కోడలికి రెండుసార్లు చెప్పింది.

మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. బయట అటెండరు రెండుసార్లు తలుపు కొట్టాడు. జనరల్ ఓపీలో మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకవు. ఈ గదిలో పని తెలిసిన మనిషి ఈ సైకాలజిస్టు ఒక్కతే, అదీ కాంట్రాక్టు ఉద్యోగం. లంబాడీలో అడిగే కాగితం ఏదీ ఆమె దగ్గర లేదు. జంతువుల లంబాడీ పేర్లు, వచ్చే రోగుల దగ్గరే నేర్చుకుని నోటు పుస్తకంలో రాసుకుంది.

అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని దేశవ్యాప్త సర్వే అంచనా. ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో, దగ్గరివాళ్ల పేర్లు మరిచిపోతున్నారా అని వృద్ధులను అడిగే ప్రశ్న ఇప్పటికే ఉంది. అవునన్నవాళ్లను ఎక్కడికి పంపాలి? రక్తం నమూనాలు పీహెచ్‌సీ నుంచి జిల్లా ల్యాబుకు పోతున్నాయి కదా, అట్లాగే ఈ 'అవును' కూడా ఈ సైకాలజిస్టు బల్ల మీదికి రావాలి. నెలకు ఒక రోజైనా ఈమెనే దేవరకొండకు పంపాలి. ఈ గదికి రావడానికి ఆ కోడలు ఒక రోజు పత్తి కూలి పోగొట్టుకుంది, రిపోర్టుల కోసం ఇంకో రోజు పోగొట్టుకోబోతోంది.