మొదటి ముద్దకు ముందు సంప్రదింపు

మేడ్చల్‌లోని ఒక మదరసాలో చాలా ఏళ్లుగా అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్నాను. ఇరుపక్షాలూ పాలుపంచుకొనే పనులను సూచించడానికి అరబ్బీలో ‘తఫాఉల్’ అనే రూపం ఉంది. ఆ పాఠం వచ్చినప్పుడు విద్యార్థులకు అల్ బఖరా సూరా 233వ ఆయత్‌ను ఉదాహరణగా చూపుతాను. తల్లిపాలు పూర్తిగా ఇవ్వదలచిన వారికి అక్కడ రెండేళ్ల గడువు పేర్కొనబడింది. అంతకుముందే మాన్పించదలిస్తే ‘తరాదిన్’, ‘తషావుర్’ ఉండాలన్నది నియమం. అంటే పరస్పర అంగీకారం, పరస్పర సంప్రదింపు. రెండూ తఫాఉల్ రూపానికి చెందిన పదాలే.

ఈ ఏడాది ఆ పాఠం షామీర్‌పేటలోని మా ఇంటికే అవసరమైంది. మనవడికి ఆరు నెలలు నిండవచ్చాయి. కోడలు తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ఉద్యోగి. 2017 చట్ట సవరణ వల్ల లభించిన 26 వారాల ప్రసూతి సెలవులో అధికభాగాన్ని ఆమె ప్రసవం తరువాతకే ఉంచుకున్నది. అదీ ముగియవచ్చింది. బిడ్డకు పైఆహారం ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలన్న విషయంలో ఇంట్లో తలకొక మాట వినిపించింది. పళ్లు వచ్చేదాకా ఆగాలన్నది వియ్యపురాలి అభిప్రాయం. తేనె నాకించి, ఖీర్ చటాయీ జరిపి ప్రారంభించాలన్నది నా భార్య కోరిక. సీసాలో పాలతో పాటు బిస్కెట్ కలిపి పట్టిస్తే రాత్రంతా నిద్రపోతాడని పొరుగువారి సలహా. చివరికి అందరూ మసలా చెప్పమని నా వైపు చూశారు.

ఇది నేనొక్కడినే తేల్చే మసలా కాదని, తెలిసినవారిని అడుగుదామని అన్నాను. కోడలు, కొడుకు కలిసి పిల్లల వైద్యుని వద్దకు, అంగన్‌వాడీకి వెళ్లివచ్చారు. ఆ తరువాత అందరం కూర్చున్నాము.

పళ్ల కోసం ఆగనవసరం లేదు. మెత్తని ఆహారాన్ని శిశువు చిగుళ్లతోనే నలపగలడు. మెడ నిలిపి, ఆసరాతో కూర్చోగలిగితే, నోట పెట్టినదాన్ని నాలుకతో బయటకు నెట్టకుంటే చాలు. గర్భంలో కూడబెట్టుకున్న ఇనుము ఆరు నెలలనాటికి తరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము స్వల్పం. అందుకే పప్పు, గుడ్డు, మెత్తగా చేసిన మాంసం ఆలస్యం కారాదు.

తేనె విషయం కాస్త సున్నితమైనది. “అందులో స్వస్థత ఉందని ఖుర్ఆన్‌లోనే ఉంది కదండీ!” అన్నది నా భార్య. ఉన్నది, అది మన విశ్వాసం. అయితే పాలుతాగే పసికందుకు పెట్టమని ఆ ఆయత్‌లో లేదు. తేనెలో ఒక్కోసారి ఉండే బొట్యులినం క్రిమి బీజాలు పెద్దల పేగుల్లో ఎదగలేవు. ఏడాది నిండని శిశువు పేగుల్లో ఎదిగి, విషం పుట్టించి, కండరాలను చచ్చుబరుస్తాయి. తహ్నీక్ సున్నత్ కూడా నమిలి మెత్తపరచిన ఖర్జూరంతో జరిగినదే. ఇది విని ఆమె తేనె సీసాను పై అరలో పెట్టేసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 6–8 నెలల శిశువుకు పైఆహారం నుండి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. మిగిలినది పాలదే. కాబట్టి ముద్ద మొదలైనంత మాత్రాన పాలు మానడం లేదు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. తొమ్మిదో నెల నుండి మూడు నాలుగుసార్లు. పెసరపప్పు ఖిచ్డీ చెంచా నుండి జారిపోనంత చిక్కగా ఉండాలి, నెయ్యి ఒక చుక్క. ఏడాది లోపు విడిగా ఉప్పు, చక్కెర అక్కరలేదు. ఏడో నెల నుండి అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం కూడా లభిస్తుంది.

మా ఇంటికి నమాజు వేళలే గడియారం. ఫజ్ర్ తరువాత తల్లిపాలు, ఆపై చిన్న కునుకు. లేచి హుషారుగా ఉన్నప్పుడు, జొహర్‌కు ముందు, మొదటి ముద్ద. జొహర్ తరువాత పాలు, పెద్ద నిద్ర. అస్ర్ తరువాత రెండో ముద్ద. మగ్రిబ్ అయ్యాక పాలు తాగి పడుకుంటాడు. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డకు ముద్ద పెట్టరాదు, గొంతుకు అడ్డుపడగలదు. ఈ వయసులో పగటి కునుకులతో కలిపి 12–16 గంటల నిద్ర అవసరం. కడుపు నింపినంత మాత్రాన రాత్రంతా నిద్రపోతాడన్న హామీ లేదు. రాత్రి లేవడం ఈ వయసుకు సహజమే.

కోడలు విధుల్లో చేరింది. ఆమె పిండి ఫ్రిజ్‌లో ఉంచిన పాలను దాదీ చిన్న గిన్నెతో పట్టిస్తున్నది. గిన్నెలు, చెంచాలు మరిగించే పని కొడుకుది. బిడ్డ మూలంగా తల్లికి గాని తండ్రికి గాని కష్టం కలగరాదన్న మాట కూడా ఆ 233వ ఆయత్‌లోనే ఉన్నది.

ఖీర్ చటాయీ బదులు నా భార్య బిస్మిల్లాహ్ చెప్పి తొలి చెంచా ఖిచ్డీ పెట్టింది. రెండో చెంచాకు మనవడు మొహం తిప్పుకున్నాడు. ఆపేశాము. సంప్రదింపులో వాడి మాటా చెల్లాలి కదా!