ఖాళీ గడి

అమ్మానాన్న కలిసి దిగిన ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. గార్లదిన్నె వెళ్లినప్పుడు, నాయన పాసుపుస్తకం ఫోటోను పెద్దది చేయించి, కత్తిరించి, అమ్మ ఫోటో పక్కన అతికించాను. వెలుగు ఇద్దరి మీదా చెరో వైపు నుంచి పడింది. ‘ఈయప్ప నా కొడుకు మాదిరుండాడు కదరా!’ అని నవ్వింది అమ్మ. నాయన ముప్పై ఐదు దగ్గరే ఆగిపోయాడు మరి.

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1982లో పోలరాయిడ్ ఫోటోలు పక్కపక్కన పేర్చి ఒకే దృశ్యం చేశాడు. ఒక్కో ముక్కలో ఒక్కో క్షణం. అతుకులు దాచలేదు. నేనూ ఈసారి ముక్కలుగానే తీశాను. శెనక్కాయ చేను, ఎండిన బావి, గట్టు మీద అమ్మ, విడిగా ఆమె చేతులు. అట్ట మీద పేర్చి, నాయనను ఎక్కడ పెట్టాలో తోచక ఒక గడి వదిలేశాను.

అమ్మ దాని మీద వేలు పెట్టింది. ‘ఈడే, మోటరు కాడ, నిలబడుకోని ఉంటాండె.’