అధికారి ఎవరు?

హైదరాబాదు పాతనగరంలోని హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేరిట మహంకాళీ దేవాలయం ఉన్నది. బోనాల వేళ అక్కడినుండి అమ్మవారి ఘటం ఏనుగుపై ఊరేగడం ఆచారం. ఆ సోదరులు గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా (1672–1687) కొలువులో ఉన్నతాధికారులు. వారి మేనల్లుడు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టిన ఆయన మేనమామల ప్రాపకంతో పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయినాడు. శిస్తు వసూలు చేయడం, జమాఖర్చులు వ్రాయడం, ఖజానాకు జవాబు చెప్పుకోవడం ఆయన వృత్తి. లోకం కొలిచే వాగ్గేయకారుడు రామదాసు ఆ వృత్తి భగ్నమైన పిదప వెలువడినవాడు.

భద్రాచల రామాలయ నిర్మాణానికి ప్రభుత్వధనం వెచ్చించాడన్న అభియోగంపై గోపన్న గోల్కొండ కోటలో బందీ అయినాడు. చెర పన్నెండేళ్లు సాగిందనీ, కీర్తనలలో అనేకం అక్కడే పుట్టాయనీ సంప్రదాయం. ఆయన మలచినవిగా చెప్పే దేవతామూర్తులను నేటికీ ఆ చెరసాల గోడపై యాత్రికులు దర్శిస్తారు.

ఆశ్చర్యకరమైన విషయం ఏమంటే, గాయకుడైనప్పటికీ ఆయనలోని తహసీల్దారు నశించలేదు. ‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తనను పరిశీలించండి. సీతమ్మకు, భరతాదులకు చేయించిన ఆభరణాలను, వాటికైన వ్యయాన్ని ఒక్కొక్కటిగా పేర్కొంటూ రాముని నిలదీస్తాడు. అది అక్షరాలా జమాఖర్చుల చిట్టా. అయితే చివరికి, దెబ్బల బాధకు తాళలేక నిందించాననీ, తప్పు మన్నించమనీ వేడుకుంటాడు. లెక్క ఆరంభించినవాడు అధికారి, లెక్క విడిచినవాడు దాసుడు. నడుమ జరిగినదే సాధన. పూర్వవృత్తి వ్యర్థం కాలేదు. అదే గానానికి వస్తువైనది. స్వకర్మతోనే పరమేశ్వరుని అర్చించమని గీత 18వ అధ్యాయం బోధించడంలోని ఆంతర్యం ఇదే.

‘అధికారి’ అన్న పదానికి లోకంలో ఒక అర్థం, వేదాంతంలో మరొక అర్థం. లోకంలో పదవి గలవాడు అధికారి. శాస్త్రంలో జ్ఞానానికి అర్హుడు అధికారి. వివేకం, వైరాగ్యం, శమాదిషట్కం, ముముక్షుత్వం అనే సాధనచతుష్టయం ఆ అర్హతకు లక్షణం. అందులో వయస్సు ప్రస్తావన లేదు. గోపన్న మొదటి అధికారాన్ని కోల్పోయి రెండవదాన్ని పొందాడు.

ఉద్యోగవిరమణ అనంతరం తంబురా శ్రుతి చేసుకొని కూర్చునేవారు ఈ భేదాన్ని గ్రహించాలి. అరవయ్యవ ఏట కంఠం బాల్యంలో వలె వంగదు. ద్రుతకాలంలో గమకాలు శుద్ధంగా పలకకపోవచ్చు. దానిని మించిన క్లేశం అహంకారానిది: నిన్నటిదాకా పదిమందిని ఆజ్ఞాపించినవాడు నేడు తనకంటే చిన్నవాడైన గురువు ముందు ‘స’ తప్పి, మళ్లీ మొదలుపెట్టాలి. అయితే ఆ మాయామాళవగౌళ సరళీవరుసలను బాలపాఠాలుగా నెలకొల్పినవాడిగా సంప్రదాయం కీర్తించే పురందరదాసు (1484–1564) కూడా తొలుత ధనికుడైన వర్తకుడే. ఆయన సైతం లెక్కల పుస్తకం మూసి తంబురా పట్టినవాడే.

సభారంజకత్వం ఫలంగా కోరితే ఆలస్యం దోషమే. నాదోపాసన ఫలమైతే ఆలస్యానికి తావు లేదు. రామదాసు కీర్తనలను బాలమురళీకృష్ణ కచేరీ వేదికపై వెలిగించాడు. అవే కీర్తనలను శిక్షణ లేని కంఠాలు భజనగోష్ఠులలో పాడుతూనే ఉన్నాయి. త్యాగరాజస్వామి ‘క్షీరసాగరశయన’ కృతిలో, ధీరుడైన రామదాసుకు బంధవిముక్తి కలిగించిన వైనాన్ని విన్నానని రామునితో విన్నవించుకున్నాడు. ఆ మహానుభావుడు స్మరించినది తహసీల్దారు పదవిని కాదు, దాసుని ధైర్యాన్ని.