చప్పుడు లేని బండి

కుంఠా నాకాలో పెరిగిన మాకు నిశ్శబ్దమంటే యేమిటో చాలాకాలం తెలియదు. పవర్‌లూముల చప్పుడులోనే చదివి మెట్రిక్ గట్టెక్కి, ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాము. ఇంట తెలుగు, ఆఫీసులో మరాఠీ.

మా పెద్దన్న ముప్పది యేండ్లకు పైగా కార్ఖానాలో చద్దర్లు నేసి, చూపు మందగించగా పోయిన దసరాకు పని మానుకొన్నాడు. ఆఫీసువారికైతే రిటైరుమెంటు, పూలదండ, ఫోటో. నేతగానికి అవేమీ లేవు; "పని బంద్ చేసిండు" అంటారు, అంతే. అలవాటుకొద్దీ తెల్లవారుజామున లేచేవాడు. లేచి వెళ్ళవలసిన చోటు లేదు. టీ హోటలుదాకా పోయి వచ్చి, గడపలో కూర్చుని, మళ్ళీ పోయేవాడు.

ఇట్లుండగా ఆయన కొడుకు విద్యుత్ రిక్షా కొంటానన్నాడు. బీమా గడువు తీరి వచ్చిన సొమ్ము బ్యాంకులో ఉంది. దంపతుల ముసలితనానికి ఆధారం అదొక్కటే. "కాకా, నువ్వు లెక్క చూసి నాయనకు చెప్పు" అన్నాడు మావాడు.

గుమాస్తాను లెక్క అడిగితే ఊరుకుంటాడా? కాగితం తీసి పెట్రోలు ఖర్చు ఒక వైపు, కరెంటు యూనిట్లు ఒక వైపు వేశాము. విద్యుత్ బండ్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1 నుండి 12 శాతం కాస్తా 5 శాతమైన సంగతి చెప్పాము. రేవా అనే విద్యుత్ కారు 2001లోనే బెంగుళూరునుండి వచ్చిందనీ, 1900 ప్రాంతంలో అమెరికా వీధులలో ఇటువంటి కార్లు చాలా తిరిగేవనీ కూడా వినిపించాము.

అన్న అంతా విని, "మోటారు కాలితే మగ్గం ఎన్ని దినాలు ఆగేదో నాకెరుక. దీని బ్యాటరీ పోతే ఏం జేస్తడు? ఆ లెక్క ఏదిరా?" అన్నాడు.

ఆ లెక్క మా కాగితంలో లేదు. చదువుకొన్న మాకు తోచనిది, మగ్గం ముందు నిలబడినవానికి తోచింది. సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నాము. బ్యాటరీ వాడినకొద్దీ బలం తగ్గుతుంది. ఎండ వేడికి మరీ త్వరగా తగ్గుతుంది. మన సోలాపూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గదా!

"పొగ లేని బండి, నాయనా!" అన్నాడు మావాడు. "ఈడ లేదు. కరెంటు పుట్టేకాడ?" అన్నాడు అన్న. అదీ నిజమే. మన ఊరి దగ్గరి ఎన్.టి.పి.సి. కేంద్రం 1320 మెగావాట్లది. అది బొగ్గుతోనే నడుస్తుంది. అయినా ఇరుకు సందులో పిల్లల ముక్కులకు పొగ తగలకపోవటం చిన్న మేలు కాదు.

చివరకు సగం సొమ్ము అన్నావదినెల పేర డిపాజిటుగా ఉంచి, సగం బండికి ముందుగా కట్టాము. మిగిలినది అప్పు. ప్రతి సాయంత్రం బ్యాటరీ పేర కొంత రొక్కం వదిన డబ్బాలో వేయాలని షరతు.

ఆకుపచ్చ పలకమీద పసుపు అంకెలతో బండి వచ్చింది. మొదటి దినం అన్న ఎక్కి కూర్చుని, "ఇంకా చాలు చేయవేంరా?" అన్నాడు. బండి అప్పటికే నాకా దాటింది! చప్పుడు లేకుండా పని జరగటం ఆయన జన్మలో అదే మొదలు.

ఇప్పుడు రాత్రి ప్లగ్గు పెట్టేదీ, తెల్లవారుజామున తీసి, తుడిచి, నీడకు చేర్చేదీ ఆయనే. ఆ వేళ లేవటానికి మళ్ళీ ఒక కారణం దొరికింది. సాయంత్రం డబ్బాలో రొక్కం పడిందో లేదో కూడా అడుగుతాడు.

మా రిటైరుమెంటుకు ఇంకా పదేండ్లున్నది. పింఛను ఎంత వస్తుందని లెక్క కడుతూ ఉంటాము. తెల్లవారుజామున లేచి ఏమి చేస్తామన్న లెక్క మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.